సీపీఎస్ తలుపు తట్టినప్పుడు: ఇల్లు చూస్తే బిడ్డ సంగతి తెలిసిపోతుందా?

డాలస్ చుట్టుపక్కల మన ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదికి రెండు మూడుసార్లు ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. "సీపీఎస్ వాళ్ళొస్తే తలుపు తీయకండి, తీశారా, పిల్లల్ని ఎత్తుకుపోతారు" అని. వారం తిరక్కుండానే దానికి విరుగుడు మరొకటి వస్తుంది. "లోపలికి పిలవండి, కాఫీ ఇవ్వండి, ఇల్లంతా చూపించండి, మనం దాచేదేముంది?" అని. ఈ రెండింటి మధ్య కొత్తగా వచ్చిన అమ్మాయిలు బెదిరిపోయి, పిల్లాడు పార్కులో పడి మోకాలు చెక్కుకుపోతే స్కూలుకి పంపాలా వద్దా అని అడిగే దాకా వెళ్తోంది వ్యవహారం. చట్టం ఏం చెబుతోందో, వాళ్ళు ఇంటికి వచ్చి చూసేదేమిటో, చూసినా వాళ్ళకి తెలియనిదేమిటో ఒకసారి కుదురుగా మాట్లాడుకుంటే బాగుంటుందనిపించింది.

ముందు లెక్కలు. ఫెడరల్ ప్రభుత్వం ఏటా వేసే 'చైల్డ్ మాల్‌ట్రీట్‌మెంట్' నివేదికలో 2022 అంకెలు చూడండి. దేశం మొత్తం మీద సుమారు 43 లక్షల ఫిర్యాదులు, వాటిలో ప్రస్తావనకొచ్చిన పిల్లలు సుమారు 75 లక్షలు. ఫోన్ దగ్గరే దాదాపు సగం ఫిర్యాదులు ఆగిపోతాయి. మిగిలిన వాటిలో విచారణో, దానికి బదులుగా ఇంకో రకం పలకరింపో ఎదుర్కొన్న పిల్లలు సుమారు 31 లక్షలు. చివరికి హింసకో నిర్లక్ష్యానికో గురయ్యారని తేల్చింది సుమారు 5 లక్షల 59 వేల మందిని. అంటే విచారణ జరిగిన ప్రతి ఆరుగురిలో అయిదుగురి విషయంలో ఏమీ తేలలేదు. తేలిన వాళ్ళలోనూ నాలుగింట మూడు వంతుల మంది పేరు ఎదుట ఉన్న మాట 'నిర్లక్ష్యం'. కొట్టడం, లైంగిక హింస వంటివి అంతకన్నా చాలా తక్కువ. ఇంకో సంగతి, అమెరికాలో పుట్టిన పిల్లల్లో పద్దెనిమిదేళ్ళు నిండేలోపు సుమారు 37 శాతం మంది ఏదో ఒక సీపీఎస్ విచారణలో పడతారని 2017లో ఒక అధ్యయనం అంచనా వేసింది. ఇది ఎవరికో జరిగే అరుదైన విషయం కాదన్నమాట.

డిగ్రీలో సైన్స్ చదివినవాళ్ళకి ఈ లెక్క చూడగానే ఒక పాఠం గుర్తొస్తుంది. అరుదైన జబ్బుకి ఊరందరికీ పరీక్ష చేస్తే, జబ్బు లేనివాళ్ళలో చాలామందికి ఉందని వస్తుంది, ఉన్నవాళ్ళలో కొందరికి లేదని వస్తుంది. పరీక్ష ఎంత మంచిదైనా ఈ బాధ తప్పదు. పైగా ఇక్కడ పరీక్ష అంటే రక్తపు చుక్క కాదు, ఒక ఉద్యోగి గంటసేపు మన ఇంట్లో తిరగడం. 'తేలలేదు' అంటే 'జరగలేదు' అనీ కాదు, దాని సంగతి కిందకొస్తాను.

చట్టం దగ్గరికి వద్దాం. అమెరికా రాజ్యాంగం నాలుగో సవరణ ప్రకారం పోలీసు మీ ఇంట్లో అడుగు పెట్టాలంటే మీ అనుమతి కావాలి, లేదా జడ్జి వారంటు కావాలి, లేదా లోపల ప్రాణం మీదకి వచ్చిందనే అత్యవసర పరిస్థితి ఉండాలి. మరి సోషల్ వర్కర్ సంగతి? ఆమె నేరం పట్టుకోవడానికి రాలేదు, బిడ్డ బాగోగులు చూడ్డానికి వచ్చింది కదా అని ప్రభుత్వాలు చాలాకాలం వాదించాయి. 1971లో సుప్రీంకోర్టు న్యూయార్క్ వాళ్ళ 'వైమన్ వర్సెస్ జేమ్స్' కేసులో, ప్రభుత్వ సాయం తీసుకునే తల్లి ఇంటికి కేస్‌వర్కర్ రానివ్వకపోతే సాయం ఆపేయవచ్చని తీర్పు చెప్పింది. అది సాయానికి పెట్టిన షరతు గురించిన మాట, ఫిర్యాదు మీద చేసే సోదా గురించి కాదు. అయినా ఆ తీర్పు నీడ చాలా ఏళ్ళు పడింది.

దాన్ని గట్టిగా పక్కకి నెట్టిన కేసుల్లో ఒకటి కాలిఫోర్నియాది. 1994లో ఒక రాత్రి ఎవరో ఒక ఇంట్లోంచి పిల్ల "వద్దు నాన్నా" అని అరిచినట్టు వినిపించిందని ఫోన్ చేశారు. నాలుగు రోజులకి సోషల్ వర్కర్ వచ్చింది. తల్లి లోపలికి రానివ్వలేదు. ఇంకో పది రోజులకి పోలీసుని వెంటబెట్టుకుని వచ్చి, వారంటు లేకుండానే లోపలికి వెళ్ళి, పన్నెండేళ్ళ అమ్మాయిని విడిగా ప్రశ్నించి, మూడేళ్ళ పిల్ల బట్టలు తల్లి చేతే విప్పించి ఒంటి మీద దెబ్బలున్నాయేమోనని చూసింది. దెబ్బలు లేవు. 1999లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు 'కాలబ్రెట్టా' కేసుగా పేరుపడిన తీర్పులో ఒక మామూలు ప్రశ్న అడిగింది: ఫిర్యాదు వచ్చి పధ్నాలుగు రోజులు ఆగగలిగినవాళ్ళకి అత్యవసరం ఎక్కడిది? వారంటు తెచ్చుకోవడానికి ఆ రోజులు చాలవా? సోషల్ వర్కర్ అయినంత మాత్రాన రాజ్యాంగం నుంచి మినహాయింపు లేదని తేల్చింది. 2021 డిసెంబరులో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు కూడా ఇదే దారిలో నడిచింది. ఫిలడెల్ఫియాలో ఇళ్ళ కోసం హౌసింగ్ అథారిటీ ఆఫీసు ముందు నిరసన చేస్తున్న ఒక తల్లి మీద, ఇల్లు లేక బయట పడుకుంటోందనీ, బిడ్డకి గంటల తరబడి తిండి పెట్టలేదనీ పేరు చెప్పని వ్యక్తి ఫిర్యాదు చేశాడు. ఆమె ఇల్లు చూడటానికి కింది కోర్టు ఇచ్చిన ఆర్డరుని పై కోర్టు తప్పుపట్టింది. ఇంట్లోకి వెళ్ళాలంటే ఆ ఇంటికీ ఆ ఆరోపణకీ లంకె చూపించే నమ్మదగిన కారణం ఉండాలి, ఊరూ పేరూ లేని ఫోన్ కాల్ ఒక్కటే చాలదని చెప్పింది.

కాగితం మీద ఇంత గట్టిగా ఉన్న హక్కు గుమ్మం దగ్గర ఎంత పలచబడిపోతుందో న్యూయార్క్ నగరం చూపిస్తుంది. అక్కడి ఏసీఎస్ సంస్థ ఏటా 56 వేలకు పైగా కుటుంబాల ఇళ్ళు చూస్తుందనీ, వాటికి కోర్టు నుంచి తెచ్చుకునే ఎంట్రీ ఆర్డర్లు సగటున ఏడాదికి 94 కూడా ఉండవనీ ప్రోపబ్లికా 2022లో బయటపెట్టింది. మిగతావన్నీ 'అనుమతి' తో జరిగినవే. రాత్రి తొమ్మిదింటికి తలుపు తట్టి, "లోపలికి రానివ్వకపోతే పోలీసుల్ని పిలవాల్సి వస్తుంది" అంటే వచ్చే అనుమతిని అనుమతి అనాలా? సరిగ్గా ఈ ప్రశ్న మీదే 2024 ఫిబ్రవరిలో అక్కడి తల్లిదండ్రులు నగరం మీద ఫెడరల్ కోర్టులో దావా వేశారు. ఆ ఇళ్ళల్లో ఎక్కువ భాగం నల్లజాతి వాళ్ళవీ, లాటినోలవీ. మన సబ్‌డివిజన్లలో ఉండేవాళ్ళకి ఇది దూరపు సంగతిలా కనిపిస్తుంది కానీ, గుమ్మంలో నిలబడ్డ ఉద్యోగి ముందు భయపడే తీరులో హెచ్-1బీ కుటుంబానికీ వాళ్ళకీ పెద్ద తేడా ఏమీ లేదు. మనకైతే ఇంకో భయం అదనం, వీసా.

టెక్సస్ ఈ విషయంలో కొంచెం ముందుకు నడిచింది, అదీ రెండు పార్టీలవాళ్ళూ కలిసి. 2021లో 'నిర్లక్ష్యం' అనే మాటకి అర్థాన్ని కుదించారు. పిల్లాడు ఒంటరిగా నడిచి స్కూలుకి వెళ్ళడం, వయసుకి తగ్గట్టు పార్కులో ఆడుకోవడం లాంటివి నిర్లక్ష్యం కిందికి రావు. తక్షణ ప్రమాదం కనిపించాలి. 2023 సెప్టెంబరు 1 నుంచి రెండు కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. ఒకటి, హెచ్‌బీ 63: పేరు చెప్పని ఫిర్యాదు తీసుకోరు. ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు కుటుంబానికి చెప్పరు, కానీ శాఖకి తెలియాలి. రెండోది హెచ్‌బీ 730: విచారణాధికారి మొదటిసారి కలిసినప్పుడే మీ హక్కులు నోటితో చెప్పి, కాగితం మీద కూడా ఇవ్వాలి. లాయరు లేకుండా మాట్లాడనవసరం లేదని, కోర్టు ఆర్డరు లేకపోతే ఇంట్లోకి రానివ్వనవసరం లేదని, మాటల్ని రికార్డు చేసుకోవచ్చని, బిడ్డ వైద్య రికార్డులు ఇవ్వడానికి ఒప్పుకోకపోవచ్చని. ఇవి చెప్పకుండా మీ దగ్గర రాబట్టిన మాటలు మీకు వ్యతిరేకంగా సివిల్ కేసులో వాడుకోవడానికి వీల్లేదు. సినిమాల్లో పోలీసు చేతికి బేడీలు వేస్తూ చదివే వాక్యాలకి ఇది చుట్టమే. అసలు ఆరోపణ ఏమిటో మొదటి కలయికలోనే చెప్పాలన్న నియమం 2003 నుంచే ఫెడరల్ నిధుల షరతుల్లో ఉంది. అది ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

తలుపు తీయకండి అనే ఫార్వర్డ్ ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది. ఆ తర్వాతిది రాయదు. మీరు వద్దంటే వాళ్ళు వెళ్ళిపోయి కేసు మూసేయరు. కారణం చూపించగలిగితే జడ్జి దగ్గర ఆర్డరు తెచ్చుకుంటారు. టెక్సస్‌లో స్కూల్లోనే మీ బిడ్డతో విడిగా మాట్లాడవచ్చు, మాట్లాడాక ఒక రోజులోగా మీకు చెప్పాలి, అంతే. స్కూల్లో ఇలా ప్రశ్నించడం రాజ్యాంగబద్ధమేనా అన్న ఒరెగాన్ కేసు 2011లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది కానీ, ఆ కుటుంబం అప్పటికే రాష్ట్రం దాటి వెళ్ళిపోవడం, పిల్ల పెద్దదైపోవడంతో అసలు ప్రశ్నకి జవాబు చెప్పకుండానే ముగిసింది. నిజంగా ప్రమాదం ఉందనుకుంటే కోర్టు ఆర్డరు లేకుండానే బిడ్డని తీసుకెళ్ళే అధికారం ఉంది, అయితే వెంటనే జడ్జి ముందుకి రావాలి, పధ్నాలుగు రోజుల్లో పూర్తి విచారణ జరగాలి. అందుకే గుమ్మం దగ్గర తగవు పడేకంటే మర్యాదగా బయటే నిలబడి మాట్లాడి, పేరు, ఫోన్ నంబరు, ఆరోపణ రాసుకుని, "లాయరుతో మాట్లాడి రేపు కలుస్తాం" అనడం, బిడ్డ క్షేమంగా ఉన్నాడని గుమ్మం దగ్గరికి తీసుకొచ్చి చూపించడం మేలని నా ఉద్దేశం. ఇది నా ఉద్దేశం మాత్రమే, లాయరు సలహా కాదు.

మా కాలనీలో ఒక అమ్మాయికి జరిగింది చెబుతాను. పాప వీపు మీద, పిరుదుల మీద నీలం మచ్చలు చూసి డేకేర్‌వాళ్ళు ఫిర్యాదు చేశారు. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే ఉండే మచ్చలే అవి. మంగోలియన్ స్పాట్స్ అంటారు, కొన్నేళ్ళకి వాటంతటవే పోతాయి. చూడనివాళ్ళకి కమిలిన దెబ్బల్లా ఉంటాయి. డేకేర్ టీచర్ని తప్పుపట్టడానికి లేదు, అనుమానం వస్తే చెప్పకపోతే ఆమెకే శిక్ష. వచ్చిన విచారణాధికారి మర్యాదస్తురాలే. ఫ్రిజ్ తెరిచి చూసింది, మంచాలు లెక్కపెట్టింది, స్మోక్ డిటెక్టరు చూసింది, పాపని పక్కలో పడుకోబెట్టుకుంటారా అని రెండుసార్లు అడిగింది. పిల్లల డాక్టరు ఫైల్లో పుట్టినప్పుడే ఆ మచ్చల గురించి రాసిపెట్టి ఉండబట్టి కొన్ని వారాల్లో కేసు మూసేశారు. చిన్నపిల్లలున్నవాళ్ళు ఈ ఒక్క పని చేయండి, మచ్చలుంటే డాక్టరు చేత రికార్డులో రాయించండి. నా దృష్టి పడింది మాత్రం వేరే దాని మీద. ఆ కేసుని తేల్చింది ఇంటి సోదా కాదు, డాక్టరు రాసిన ఒక్క వాక్యం. ఫ్రిజ్‌లో పప్పు గిన్నె చూస్తే మచ్చ సంగతి తెలుస్తుందా?

ఇంటి పరిశీలనకున్న అసలు పరిమితి అది. శుభ్రం తెలుస్తుంది, తిండి ఉందో లేదో తెలుస్తుంది, తుపాకీ బయట పడేసి ఉంటే తెలుస్తుంది. అందుకే పేదవాళ్ళ ఇల్లు ఆ పరీక్షలో తప్పుతుంది, ఉన్నవాళ్ళ ఇల్లు నెగ్గుతుంది. గ్రానైట్ కిచెను, పిల్లలకి చెరో గది, గోడ మీద స్పెల్లింగ్ బీ ట్రోఫీలు ఉన్న ఇంట్లో ఏం జరుగుతోందో గంటలో ఎవరికీ తెలియదు. పక్కనే రిచర్డ్‌సన్‌లో 2017 అక్టోబరులో ఒక భారతీయ కుటుంబం దత్తత తెచ్చుకున్న మూడేళ్ళ పాప చనిపోయింది. దక్షిణాది వాళ్ళమంతా ఆ పాప కోసం కొవ్వొత్తులు వెలిగించాం. అంతకు కొన్ని నెలల ముందే పాప ఎముకల్లో పాత విరుగుళ్ళున్నాయని వైద్యులు గుర్తించి సీపీఎస్‌కి చెప్పారని తర్వాత కోర్టులో తెలిసింది. దత్తత తండ్రికి 2019లో యావజ్జీవం పడింది. సమాచారం శాఖ దగ్గర ఉంది, బిడ్డ మాత్రం ఆ ఇంట్లోనే ఉంది. ఇది టెక్సస్ ఒక్కదాని జబ్బు కాదు. విస్కాన్సిన్‌లో నెలల తరబడి ఇంటికొచ్చి, బిడ్డ ఒంటి మీద గాయాలు చూసి, నోట్సు రాసుకుని వెళ్ళిపోయిన కేస్‌వర్కర్ కథ 1989లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. తండ్రి దెబ్బలకి మెదడు దెబ్బతిన్న ఆ నాలుగేళ్ళ బాబుకి ప్రభుత్వం బాధ్యత వహించనక్కర్లేదని 'డిషేనీ' తీర్పు చెప్పింది. అంటే లోపలికి రావడానికి వాళ్ళకి దారి ఉంది, వచ్చి చూసి కూడా ఊరుకుంటే రాజ్యాంగం కింద అడగడానికి మనకి దారి లేదు.

ఆరు ఇళ్ళల్లో అయిదింటికి అనవసరంగా వెళ్తున్న ఉద్యోగికి, ఆరో ఇంటికి నాలుగుసార్లు వెళ్ళే తీరిక ఎక్కడుంటుంది? సోదాలకి హద్దులు పెడితే పిల్లలు చచ్చిపోతారు అనేవాళ్ళకి నేనిచ్చే జవాబు ఇదే. 2022లో దేశంలో దాదాపు రెండు వేలమంది పిల్లలు హింస, నిర్లక్ష్యం వల్ల చనిపోయారని అంచనా. ఇన్ని లక్షల ఇళ్ళు చూసినా ఆగని చావులు ఇవి. వడపోత ఫోన్ దగ్గర గట్టిగా ఉండి, డాక్టరు ఎముక విరిగిందన్న కేసుకి మాత్రం వారాల తరబడి మనిషిని పెట్టాలి.

మనవాళ్ళ సంగతి కూడా కొంత అనుకోవాలి. 2012 డిసెంబరులో నార్వేలో మన తెలుగు దంపతులకి ఏడేళ్ళ కొడుకుని హింసించారని జైలు శిక్ష పడినప్పుడు, ఇక్కడా అక్కడా చాలామంది "మన సంస్కృతి వాళ్ళకి అర్థం కాదు" అన్నారు. చేత్తో తినిపించడం, పక్కలో పడుకోబెట్టుకోవడం, దిష్టి చుక్క పెట్టడం సంస్కృతి. అట్లకాడ కాల్చి పెట్టడం, బెల్టు తీయడం సంస్కృతి కాదు. రెండింటినీ ఒకే సంచిలో వేసి వాదిస్తే మొదటిది కూడా నమ్మరు. వీసా విషయంలో కూడా స్పష్టంగా ఉండాలి. సీపీఎస్ శాఖ 'నిజమే' అని తేల్చడం పరిపాలనాపరమైన నిర్ణయం, రిజిస్ట్రీలో పేరు పడితే పిల్లలతో చేసే ఉద్యోగాలకి అడ్డొస్తుంది. న్యూయార్క్‌లో 2022 దాకా ఏ కాస్త ఆధారం ఉన్నా పేరు ఎక్కించేవాళ్ళు, ఇప్పుడు బరువైన ఆధారం కావాలి. దేశం నుంచి పంపించేసేది మాత్రం పిల్లల మీద హింసకి క్రిమినల్ కోర్టులో పడే శిక్ష. ఈ రెండూ ఒకటే అనుకుని భయపడి నోరు మూసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఆ భయం ఎక్కువగా ఎవరి గొంతు నొక్కుతోందంటే, ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్ళది. "911కి ఫోన్ చేస్తే పిల్లల్ని కూడా తీసుకుపోతారట కదా అక్కా?" అని నన్ను అడిగినవాళ్ళు ఒకరిద్దరు కాదు. మొగుడు చెప్పే మాట కూడా అదే, ఫోన్ చేసి చూడు, పిల్లలు ఫోస్టర్ కేర్‌కి పోతారు అని. ఇందులో పూర్తి అబద్ధం లేదు, అదే బాధ. న్యూయార్క్‌లో ఒకప్పుడు దెబ్బలు తిన్న తల్లి దగ్గర్నుంచే, బిడ్డ కళ్ళముందు దెబ్బలు తిన్నదని చెప్పి, పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు. తల్లులు కోర్టుకెళ్ళారు. 2004లో 'నికల్సన్' కేసులో ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు, బిడ్డ హింసను చూసిందన్న ఒక్క కారణం మీద తల్లిని నిర్లక్ష్యం చేసిందనడం కుదరదని తేల్చింది. మిగతా రాష్ట్రాల్లో ఇంత తేటగా లేదు. అందుకే అలాంటి ఇంట్లో ఉన్న అమ్మాయి మొదటి ఫోన్ ఈ దారి తెలిసినవాళ్ళకి చేస్తే మంచిది. ప్రాణం మీదకి వస్తే మాత్రం 911కే, ఆలోచించకుండా. డాలస్‌లో చేతన, హ్యూస్టన్‌లో దయ, అట్లాంటాలో రక్ష, న్యూజెర్సీలో మానవి, న్యూయార్క్‌లో సఖి, బే ఏరియాలో మైత్రి, ఇవన్నీ మన దక్షిణాసియా ఆడవాళ్ళ కోసమే ఏళ్ళ తరబడి పని చేస్తున్నవి. కాన్సులేట్‌ని అడుగుదామనుకుంటే, బిడ్డ ఇక్కడ పుట్టి ఇక్కడి పౌరుడైతే వాళ్ళు చేయగలిగింది చాలా తక్కువ.

ఆ కాలనీ అమ్మాయి ఇంట్లో జరిగిన ఇంకో సంగతి చెప్పనే లేదు. విచారణాధికారి అమ్మమ్మగారితో కూడా మాట్లాడాలంది. ఆరు నెలలకి విజిటర్ వీసా మీద వచ్చిన మనిషి, తెలుగు తప్ప ఇంకోటి రాదు. దాంతో పదేళ్ళ మనవడిని మధ్యలో కూర్చోబెట్టి, "మీ అమ్మ చెల్లిని కొడుతుందా అని అమ్మమ్మని అడుగు" అన్నారు. వాడు అడిగాడు. ఆవిడ "ఎవరు కొట్టరమ్మా పిల్లల్ని, అల్లరి చేస్తే ఒకటేస్తాం" అంది, మనందరి అమ్మమ్మల్లాగే. వాడు కాస్త ఆలోచించి దాన్ని ఎలా చెప్పాలో తెలియక తల్లి వైపు చూశాడు. ఆ చూపుని కూడా కాగితం మీద రాసుకుంది. ఫెడరల్ నిధులు తీసుకునే ఏ సంస్థ అయినా 1964 పౌరహక్కుల చట్టం కింద ఇంగ్లీషు రానివాళ్ళకి దుబాసీని ఖర్చు లేకుండా ఏర్పాటు చేయాలి, ఫోన్‌లో అయినా సరే. పిల్లల్ని దుబాసీలుగా వాడకూడదు. తెలుగు దుబాసీ కావాలి అని అడిగి, దొరికేదాకా పెద్దవాళ్ళని మాట్లాడించకండి.